ఇరవై ఒక్క గిద్దల మంచు

రండమ్మా, ఇలా దగ్గరగా రండి. గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దలు కూడా నాలుగడుగులు ముందుకి జరగండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. చెప్పులు బయట ఉన్నాయని బెంగ పెట్టుకోకండి, శివయ్య చూసుకుంటాడు. పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోండి. ఇవాళ మంచు గురించి చెప్పుకుందాం.

మనకి మంచంటే ఏముంది? ధనుర్మాసంలో తెల్లారగట్ల పొలాల మీద పొగలా కనబడుతుంది, పొద్దెక్కితే పోతుంది. హిమాలయాల్లో అలా కాదు. ఆకాశంలోంచి ఏకిన దూది కుమ్మరించినట్టు పడుతుంది. చప్పుడుండదు. కొత్తగా దూది నింపించిన పరుపు చూశారు కదా? మొదటి రోజు ఎక్కడానికి పీట కావాలి. నెల తిరిగేసరికి అణిగిపోతుంది. దూది ఎక్కడికీ పోలేదు, ఎత్తు పోయింది. మంచూ అంతే. ఇది తెలిస్తే చాలు, మిగతాది నేను చెప్తాను.

ఆ కొండల్లో సిల్‌ఖోలా అని ఒక ఊరు. ఊరంటే పదకొండు ఇళ్ళు. ఊరి నెత్తిన నిటారు కొండ. ఊరికి కాస్త పక్కగా, అదే కొండ నీడలో, రెండు గదుల రాతి ఆశ్రమం. వాగు దాటి ఎదుటి గట్టు ఎక్కితే బడి. కొండ మీద మంచు విరిగి కిందికి దిగితే ఊరికి దిక్కు ఆ బడి ఒక్కటే. మంచు అంత దూరం రాదు.

ఒకసారి దిగింది. చాలా ఏళ్ళ కిందట. పంతొమ్మిది మంది పోయారు. గోదావరి సీమ నుంచి నడిచి వెళ్ళి అక్కడ స్థిరపడిన పెద్దస్వామి అప్పుడు ఆశ్రమంలో ఉండేవారు. ఆయనకి ఒక అలవాటు. పెరట్లో దేవదారు పలక ఒకటి నేలకి సమంగా పరిచి ఉంచేవారు. రోజూ సూర్యోదయానికి దాని మీద పడిన మంచులో కొలబద్ద గుచ్చి, అంగుళాలు పుస్తకంలో రాసి, పలక తుడిచేసేవారు. ఆ పంతొమ్మిది మంది పోయిన వాన... చూశారా, మన నోటికి వానే వస్తుంది... ఆ మంచు మూడు రోజులు కురిసింది. మూడు రోజులూ కలిపితే పలక మీద నలభై అంగుళాలు.

అప్పట్నించీ ఊరికి అదే కట్టుబాటు. ఒక్క విడతలో పలక లెక్క నలభైకి చేరితే ఆశ్రమం గంట మోగాలి. గంట వినబడగానే పొయ్యి మీద అన్నం ఉన్నా సరే దింపకుండా లేచి, వాగు దాటాలి.

పెద్దస్వామి తర్వాత ఆయన శిష్యులు అచలగిరి స్వామి. డెబ్భై దాటిన మనిషి. మాటలు తక్కువ, రొట్టెలు మాత్రం బాగా చేస్తారు. ఆయన శిష్యుడు మన వేదగిరి.

వేదగిరి నెల్లూరు వైపు వాడు. పాలిటెక్నిక్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాడు. ఉద్యోగం వదిలాడు, ఊరు వదిలాడు, తల వెంట్రుకలు కూడా వదిలాడు. లెక్క మాత్రం వదల్లేదు. పోనీలే అని స్వామి పలక పని అతనికే అప్పజెప్పారు. అతను పాత పుస్తకాలు ఇరవై ఆరూ చదివి, గీతలు కొట్టి, ఒకే పుస్తకంలోకి సాపు రాశాడు.

కార్తీక మాసంలో ఒక పొద్దున స్వామి పిండి కలుపుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గురువుగారూ, పెద్దస్వామివారి లెక్కల్లో ఒక లోపం ఉందండీ."

"ఒకటేనా?" అన్నారు స్వామి.

"ఆయన రోజుకి ఒక్కసారి కొలిచేవారు. మధ్యాహ్నం పడిన మంచు మర్నాటి తెల్లారేసరికి అణిగిపోదూ? అంటే పడినదానికంటే తక్కువ రాశారన్నమాట. నేను నాలుగు పూజలప్పుడూ కొలుస్తాను. కొలిచినప్పుడల్లా పలక తుడిచేస్తాను. పడింది పడినట్టు దొరుకుతుంది."

"సరే" అన్నారు స్వామి.

వేదగిరి ఇంకా ఏమైనా అంటారేమోనని చూశాడు. స్వామి పిండి మీద తడిగుడ్డ కప్పి లేచారు. భేష్ అనలేదు. కుర్రాడికి కాస్త చివుక్కుమంది.

సరే, ఫాల్గుణం వచ్చింది. మంచు మొదలైంది.

మొదటి రోజు ఎప్పటిలాగే పడింది. రెండో రోజు ఆగలేదు. మూడో రోజు పొద్దున గాలి తోడైంది. మధ్యాహ్నం పూజ చేసి, వేదగిరి మోకాళ్ళలోతు మంచులో పలక దగ్గరికి వెళ్ళి కొలిచాడు. లోపలికొచ్చి కూడిక వేశాడు. మళ్ళీ వేశాడు.

నలభై ఒకటి.

"గురువుగారూ, గంట కొట్టాలి."

స్వామి పొయ్యి దగ్గర నుంచి తలెత్తారు. ఆయన ఏదో అనేలోపే తలుపు తోసుకుని ఇద్దరు లోపలికొచ్చారు. గడ్డాల మీద మంచు గడ్డ కట్టి ఉంది. ఒకాయన ఊరి పెద్ద కుందన్ సింగ్. రెండోవాడు ఆయన బావమరిది దేబూ. వాళ్ళ భాష వేరనుకోండి, మనం మన మాటల్లో చెప్పుకుందాం.

కుందన్ సింగ్ స్వామికి దండం పెట్టి, వేదగిరి వైపు తిరిగాడు. "బ్రహ్మచారీజీ, లెక్క ఎంత?"

"నలభై ఒకటి. ఇప్పుడే గంట కొట్టబోతున్నాను."

కుందన్ సింగ్ అతనికి అడ్డొచ్చాడు. "మా కోడలు బసంతి ప్రసవించి ఎనిమిది రోజులు. చంటిదాన్ని ఈ గాలిలో వాగు దాటించాలా? దారిలో పోతుంది మహరాజ్. అదీ పోతుంది, దాని తల్లీ పోతుంది." జేబులోంచి ఫోను తీశాడు. "శిఖరం మీద పట్నం ఆఫీసు వాళ్ళు పెట్టిన యంత్రం ఉందిగా. పొద్దున కాసేపు సిగ్నల్ వస్తే చూశాను. ఇరవై రెండు అంగుళాలే అంటోంది. యంత్రం మాట నమ్మకూడదా?"

"యంత్రం అబద్ధం చెప్పదు" అన్నాడు వేదగిరి. "కిందికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయం చూసి, తన కాళ్ళ కింద ఎంత ఎత్తు మంచుందో చెప్తుంది. కానీ శిఖరం మీద గాలి మంచుని నిలవనిస్తుందా? ఊడ్చి ఈ కొండ మీదికే తోస్తుంది. అక్కడ తక్కువ ఉందంటే మన నెత్తి మీద ఎక్కువ ఉన్నట్టు. ఆ ఇరవై రెండు చూసి ఇంట్లో కూర్చుంటే..."

"బావా, ఈయన గెలిచాడు, పద" అన్నాడు దేబూ. "చదువుకున్నవాళ్ళతో వాదన పెట్టుకుంటే మంచు కాదు, మాటలే మనల్ని పూడ్చేస్తాయి."

కుందన్ సింగ్ కదల్లేదు. నుదురు ముడిచి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"బ్రహ్మచారీజీ, తప్పుగా అనుకోకండి. నా మీసాలు రాని రోజుల్లో పెద్దస్వామికి ఆ పలక పట్టుకున్నవాణ్ణి నేను. ఆయన రోజుకి ఒక్కసారి తుడిచేవారు. మీరు నాలుగుసార్లు తుడుస్తున్నారని మా ఆడవాళ్ళు అంటుంటారు. పరుపు అణిగాక కొలిచిందీ, అణక్కుండా నాలుగుసార్లు కొలిచి కలిపిందీ, రెండూ ఒకటే నలభయ్యా?"

వేదగిరి తను వేసిన కూడికకేసి చూశాడు. 

ఏళ్ళ తరబడి వందలమందికి లెక్కలు నేర్పినవాడమ్మా. ఒక కుంచంతో కొలిచినదాన్ని ఇంకో కుంచంతో కొలిచినదానితో పోల్చకూడదని బోర్డు మీద రాసి మరీ చెప్పినవాడు. అతని పలకే సరైనది కావచ్చు. కానీ పంతొమ్మిది మంది పోయిన నలభై అతని పలకది కాదు. పెద్దస్వామి పలకది. ఆ పలక మీద ఇవాళ్టికి ఎంత ఉండేది? ముప్పై నాలుగా? ముప్పై ఆరా? తెలుసుకునే దారి లేదు. పూజకోసారి తనే తుడిచేశాడు.

వెళ్ళి స్వామి ముందు కూలబడ్డాడు.

"నాకు తెలీదు గురువుగారూ. ఇరవై రెండు కాదు. నలభై ఒకటీ కాదు. నా లెక్కకి ఆ కట్టుబాటుతో సంబంధమే లేదు. గంట కొట్టొద్దు. బాలింతని ఆ గాలిలోకి నా తప్పుడు అంకె కోసం..."

"హమ్మయ్య" అన్నాడు కుందన్ సింగ్.

 స్వామి లేచి, వంటింటి మేకుకి వేలాడుతున్న పెద్దస్వామి నాటి ఇత్తడి గిన్నె తీశారు. నిలువు గోడలతో, జానెడు ఎత్తున ఉంటుంది. శనగలు నానబెట్టుకుంటూ ఉంటారు దాంట్లో. రేకు ముక్క ఒకటి తీసుకున్నారు.

"పార తీసుకురా" అన్నారు వేదగిరితో.

ఎక్కడికని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు అతనికి. గోశాల వెనక గాలి తగలని చోటికి వెళ్ళారు. అక్కడ ఈ మూడు రోజుల మంచునీ ఎవరూ తొక్కలేదు, ఎవరూ తుడవలేదు. స్వామి గిన్నె బోర్లించి మంచులోకి నిలువుగా దించారు. కింద రేకు తోసి, ఎత్తి, బానలో వంచారు. పక్కన వేదగిరి పారతో మెట్టు కోశాడు. మళ్ళీ అదే చోట గిన్నె దించారు. మళ్ళీ. నాలుగోసారి అంచు టంగుమంది. పాత మంచు, పెంకులా గట్టిపడినది. ఈ విడత మంచు అక్కడితో సరి.

బాన పొయ్యి మీదికెక్కింది.

తల్లీ, ఆ కాసేపు ఎలా గడిచిందో ఆ గదిలోవాళ్ళకే తెలియాలి. ఆ నిటారు కొండ నీడలో పొద్దు తొందరగా వాలుతుంది, ఇంక రెండు గంటల వెలుగుంది. ఆడా మగా, ముసలీ ముతకా వాగు దాటాలంటే గంటన్నర పైన పడుతుంది. బానలో మంచు తాపీగా కుంగుతోంది. పైన కప్పు మీద గాలి. కుందన్ సింగ్ కిటికీకేసి చూస్తాడు, బానకేసి చూస్తాడు. వేదగిరి కట్టె మీద కట్టె దోపుతున్నాడు. స్వామి జపమాల తిప్పుతున్నారు.

"మహరాజ్ మనకి చాయ్ పెడుతున్నట్టున్నారు" అన్నాడు దేబూ. ఎవరూ నవ్వలేదు.

మంచంతా కరిగింది. స్వామి గిద్ద తీసుకుని నీళ్ళు కొలవడం మొదలుపెట్టారు. పెద్దస్వామి గోదావరి నుంచి తెచ్చుకున్న గిద్ద అది, అభిషేకానికి వాడేది. ఒక్కో గిద్దా పక్క బిందెలోకి పోస్తున్నారు. వేదగిరి పెదవులు తమంతట తామే కదులుతున్నాయి. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. ఇంకా నీళ్ళున్నాయి. ఇరవై. ఇరవై ఒకటి.

అప్పుడు స్వామి వేదగిరి సాపు రాసిన పుస్తకం తెరిచి, ఆ పంతొమ్మిది మంది పోయిన మూడు రోజుల మీద వేలు పెట్టారు. పదమూడు, పధ్నాలుగు, పదమూడు. మొత్తం నలభై. పక్క అంచంతా ఖాళీ.

"పెద్దస్వామి అంచుల్లో రాసినవి ఏవి నాయనా?"

వేదగిరి తన సాపు రాతకేసి చూశాడు. "అవి... 'అభిషేకానికి ఇన్ని గిద్దలు' అని ఉన్నవండీ. వంటింటి సంగతులనుకుని..."

స్వామి పెట్టె తెరిచి పెద్దస్వామి చేతిరాత పుస్తకం తీశారు. పసుపు మరకల పేజీ. పదమూడు అంగుళాల పక్కన, అంచులో, బుల్లి అక్షరాల్లో: గిన్నెడు వెడల్పున పలక దాకా తీసి కరిగించగా ఐదు గిద్దలు. పధ్నాలుగు పక్కన ఆరు. చివరి పదమూడు పక్కన ఏడు.

పద్దెనిమిది.

వేదగిరి బిందెకేసి చూశాడు. పరుపు అణిగినా దూది బరువు అంతే; ఆనాటి పద్దెనిమిది కంటే ఇవాళ మూడు గిద్దల బరువు ఎక్కువ. ఆ పేజీకేసి చూశాడు. అతని చూపు కప్పు మీదికి పోయింది, కప్పు అవతల ఉన్న కొండ కనబడుతున్నట్టు.

స్వామి పుస్తకం మూశారు. గోడ పక్కన వేలాడుతున్న గంట తాడు తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు.

కుందన్ సింగ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత గిర్రున తిరిగి పరిగెత్తాడు. వెనక గంట మోగింది.

ఆ దాటడం గురించి ఎక్కువ చెప్పను. వాగు మీద రెండు దుంగలు వేసిన వంతెన, దాని మీద గాజులాంటి మంచుగడ్డ. బసంతి చంటిదాన్ని రొమ్ముకి కట్టుకుని, పైన మామగారి కంబళి చుట్టుకుంది. ఒక పక్క వేదగిరి, ఒక పక్క దేబూ. దేబూ నోరు మాత్రం ఆగలేదు.

"పుస్తకంలో రాసుకోండి బ్రహ్మచారీజీ, దేబూ చెవులు ఎన్ని అంగుళాలు ఊడిపోయాయో!"

"మామయ్యా, నోరు తెరిస్తే మంచు లోపలికి పోతుంది. నడు" అంది బసంతి.

వంతెన మధ్యలో ఆమె కాలు జారింది. వేదగిరి మోకాళ్ళ మీద పడి, ఆమె నడుము కంబళితో సహా పట్టుకున్నాడు. చంటిది కేర్‌మంది. ఆ ఏడుపు వినబడినంతసేపూ అందరికీ ప్రాణం ఉన్నట్టే ఉంది. చీకటి పడేలోపు నలభై ఏడు మందీ, వెనకాల స్వామీ, బడికి చేరారు.

తెల్లారింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండ. గాలి లేదు. ఎదురుగా కొండ తెల్లగా, నిద్రపోతున్న ఆవులా పడుకుని ఉంది. కింద పదకొండు ఇళ్ళ కప్పులూ చెక్కు చెదరలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎండ వచ్చింది కదా. ఇళ్ళు బానే ఉన్నాయి కదా. పొయ్యి మీద వదిలేసిన పప్పు ఏమైందో. దేబూ జోళ్ళు బిగించుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు వేదగిరి తలుపుకి అడ్డంగా నిలబడి.

"నా బర్రె దగ్గరికి. నిన్న సాయంత్రం నుంచి పాలు పితకలేదు, పొదుగు పగిలిపోతుంది. నువ్వు పితుకుతావా?"

"ఇవాళ ఎండకి ఇంకా ప్రమాదం. ఒక్క పూట ఆగు దేబూ."

"నిన్న గిద్దలూ గిన్నెలూ చూశానులే. నాకవేవీ అర్థం కావు. ఒక్క మాట చెప్పు. నలభై దాటిందా, లేదా?"

వెనక అందరూ చెవులు రిక్కించారు. వేదగిరి దేబూ కళ్ళలోకి చూశాడు. గిద్దల లెక్కకి ఈ మనిషి ఆగడు. మూడు నిమిషాల్లో వాగు దగ్గర ఉంటాడు.

"నలభై ఒకటి" అన్నాడు వేదగిరి.

దేబూ గుమ్మం బయట ఉమ్మేసి, జోళ్ళు విప్పి, గోడవారగా కూర్చున్నాడు. మూలన టీ కాస్తున్న స్వామి తలెత్తి శిష్యుణ్ణి ఒకసారి చూశారు. మళ్ళీ గిన్నెలోకి చూసుకున్నారు. 

ఎండ కొండ నెత్తికెక్కింది.

ముందు పాత చీర చింపినట్టు చిన్న చప్పుడు. అంతే. కొండ భుజం మీద ఈ కొస నుంచి ఆ కొసకి సన్నని నల్లగీత. ఆ గీత కింద ఉన్నదంతా నెమ్మదిగా కదిలింది. నెమ్మదిగానే అనిపించిందట చూసేవాళ్ళకి. తర్వాత పొగ. దాని తర్వాత గాలి వచ్చి బడి కిటికీలను లోపలికి తోసేసింది. తల్లులు పిల్లల మీద బోర్లా పడ్డారు. హర హర మహాదేవ అని ఎవరో అరిచారు, ఎవరో మనకి తెలీదు, అందరూ అనుకోండి.

తెల్లదుమ్ము అణిగేసరికి కింద ఆరు కప్పులే కనబడుతున్నాయి. ఐదిళ్ళూ, కుందన్ సింగ్ ఇల్లూ, దేబూ కొట్టమూ... అబ్బే, తప్పు చెప్పాను. కుందన్ సింగ్ ఇల్లు ఆ ఐదింటిలోదే. కొట్టం వేరే. ఆశ్రమం ఉంది, గోశాల సగం ఉంది. మనుషులు మాత్రం నలభై ఏడుగురూ గట్టు మీదే ఉన్నారు.

దేబూ మాట్లాడలేదు. మొదటిసారి. తన కొట్టం ఉండాల్సిన చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత చూడాలి ఆ బడిని! ఏడుపులు, కౌగిలింతలు. ఒక్కొక్కరే వచ్చి వేదగిరి కాళ్ళ మీద పడుతున్నారు. కుందన్ సింగ్ పొయ్యిలోంచి బొగ్గు తీసి, బడి గోడ మీద మనిషంత ఎత్తున అంకె వేశాడు. నలభై ఒకటి.

"ఇది చెరగకూడదు" అన్నాడు.  "మన మనవలూ, వాళ్ళ మనవలూ చూడాలి. నలభై ఒకటైతే కొండ దిగుతుంది."

జనం గోడకి దండం పెట్టారు. బసంతి కూతురి గుప్పిట విప్పి, ఆ చిట్టి అరచెయ్యి అంకె మీద ఆనించి, తీసి పిల్ల నుదుటికి తాకించింది.

వేదగిరి ఆ చేతికేసి చూశాడు. గురువు వైపు చూశాడు. స్వామి ఏడుస్తున్న ముసలమ్మ ఎవరికో టీ అందిస్తున్నారు. ఇటు చూడటమే లేదు.

వేదగిరి గోడ దగ్గరికి నడిచాడు. పై బట్ట అంచు చుట్టి, నలభై ఒకటిని తుడవడం మొదలుపెట్టాడు.

"ఏయ్!" అన్నారు ఎవరో. కుందన్ సింగ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఏం చేస్తున్నారు? మా ప్రాణం అది!"

"కాదు" అన్నాడు వేదగిరి. "అది నా తప్పు. నిన్న నువ్వే పట్టుకున్నావు, మర్చిపోయావా? పెద్దస్వామిలా రోజుకోసారి కొలిస్తే ముప్పై నాలుగో, ముప్పై ఆరో ఉండేది. రేపు నీ మనవడు రోజుకోసారి కొలిచి, ఈ గోడ చూసి, నలభై ఒకటి కాలేదుగా అని ఇంట్లో కూర్చుంటాడు. కొండ అంతదాకా ఆగదు."

మణికట్టు మీద పట్టు వదులైంది. 

దేబూ ముందుకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున నన్ను చూసి నలభై ఒకటి అన్నావు. కళ్ళలోకి చూసి అన్నావు."

"అన్నాను."

"అది కాదని తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను. నిన్ను ఆపడానికి."

"నా బర్రె చచ్చిపోయింది" అన్నాడు దేబూ. "నేను బతికున్నాను. బాగుంది. దండం పెట్టాలా, చెంప పగలగొట్టాలా, నాకు తెలీడం లేదు. కానీ ఒకటి చెప్పు. వచ్చే ఏడు నువ్వు గంట కొట్టి ఒక అంకె చెప్తావు. అది నిజం అంకో, నన్ను ఆపే అంకో నాకెలా తెలుస్తుంది?"

ఊరంతా వింటోంది. అమ్మా, అదీ అసలు ప్రశ్న. మంచు ప్రశ్నకంటే పెద్ద ప్రశ్న. దీనికి జవాబు తప్పితే, వచ్చేసారి గంట మోగినప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోదు.

 వేదగిరి నల్లగా మసిబారిన ఆ పై బట్ట భుజాన వేసుకున్నాడు.

"తెలీదు. అందుకని నన్ను నమ్మొద్దు. మంచు మొదలైన రోజున గిన్నె తీసుకుని నువ్వే రా. నువ్వు దించు, నువ్వు కరిగించు, గిద్దలు నువ్వు లెక్కపెట్టు. నేను పక్కన నిలబడి రాస్తాను. ఎక్కడ తీశాం, ఎలా తీశాం, ఎవరు తీశారు, అదీ రాస్తాను. నా రాత మీద అనుమానం వస్తే ఎవరైనా వచ్చి మళ్ళీ కొలవచ్చు."

దేబూ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"నాకు రొట్టె పెట్టాలి" అన్నాడు చివరికి. "ఊరికే రాను."

జనంలో ఎవరో ముక్కు చీదుతూ నవ్వారు. కుందన్ సింగ్ చేతిలోని బొగ్గు దేబూకి ఇచ్చాడు. దేబూ మసి పట్టిన గోడ ముందు నిలబడి, "చెప్పు, ఏం రాయాలి?" అన్నాడు.

"ఇరవై ఒక్క గిద్దలు. గోశాల వెనక, పెద్దస్వామి గిన్నెతో, పాత మంచు పెంకు దాకా. మూడు రోజుల మంచు ఒకేసారి తీసి కరిగించింది."

దేబూ వంకర అక్షరాలతో ఒక్కొక్క మాటే రాశాడు. వేదగిరి అన్నాడు, "కింద ఇంకో ముక్క. వేదగిరి ముందు వేరే లెక్క చెప్పాడు, అది తప్పు."

"అదీ రాయాలా?"

"అదీ."

ఎప్పుడొచ్చారో, స్వామి వెనక నిలబడి ఉన్నారు. గోడ మీది అక్షరాలు ఆఖరిదాకా చదివారు. శిష్యుడి చేతిలో వేడి టీ గ్లాసు పెట్టారు.

"ఇప్పుడు కొలిచావు" అన్నారు.

అంతేనమ్మా. ఇంక నన్ను ఏమీ అడగకండి, నాకూ అంతకంటే తెలీదు. పేర్లు మర్చిపోండి, గిద్దలు మర్చిపోండి, పరవాలేదు. ఒక్కటి మాత్రం ఇంటికి పట్టుకెళ్ళండి. ఊరంతా దండం పెడుతున్న అంకెని, తనకి పేరు తెచ్చిన అంకెని, అది తప్పని తెలిసినవాడు తన చేత్తో తుడిచాడు. ఆ తుడిచిన సంగతి ఇవాళ ఇంకొక్కరికి చెప్పండి. ఎప్పుడైనా మీ ముందు అలాంటి గోడే నిలబడితే, ఆ పని మీరూ ఒక్కసారి చెయ్యండి.

హర హర మహాదేవ.